గాలం చవకైనా మొన నమ్మకంగా ఉండాలి
ఫ్లై కట్టేవారు చేయవలసినవి, చేయకూడనివి

డెన్వర్‌లో మా ఇంటి భోజనాల బల్ల చివర గాలాన్ని పట్టి ఉంచే ఒక చిన్న వైసు ఎప్పుడూ బిగించే ఉంటుంది. చలికాలం రాత్రుళ్ళు అక్కడ కూర్చుని ఈకలు, బొచ్చు, సన్నని దారం కలిపి గాలం మీద ఈగలు కడతాను. ట్రౌట్ చేప ఏటిలో తినే పురుగుల్ని పోలిన ఈ బొమ్మ ఈగల్నే ఇక్కడ ఫ్లై అంటారు. చిన్నప్పుడు గోదావరి కాలవ గట్టు మీద ఎర్రను గుచ్చి గాలం వేసిన చేతులకు ఈ పని కొత్త. కానీ గాలం మాత్రం పాత గాలమే. దాని మొన మీదే అప్పుడూ ఇప్పుడూ అంతా ఆధారపడి ఉంది.

మొదటి ఏడాది చవకగా వస్తోందని పేరూ ఊరూ లేని ప్యాకెట్ ఒకటి తెప్పించాను. 18వ నంబరు, వంద గాలాలు. డజను ఫ్లైలు కట్టుకుని సౌత్ ప్లాట్ నదికి వెళ్ళాను. మొదటి చేప పట్టగానే గాలం విచ్చుకుపోయింది. రెండో చేపకూ అంతే. ఇంటికొచ్చి, మిగిలిన వాటిలో పది తీసి ఒక్కొక్కటే వైసులో బిగించి వేలితో వంచి చూశాను. మూడు వంగినవి వంగినట్టే ఉండిపోయాయి. ఒకటి టక్కున విరిగింది. ఆ ముక్క వచ్చి నా కళ్ళద్దాలకు తగిలి సన్నని గీత పెట్టింది. అద్దాలు లేకపోతే ఆ గీత నా కంట్లో పడేది.

చవక గాలం కొనడం తప్పు కాదని, పరీక్షించకుండా దాని మీద ఫ్లై కట్టడమే తప్పని ఆ రాత్రి తెలిసింది. పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మనవాళ్ళ కోసం, నేను పాటించేవన్నీ వరుసగా రాస్తున్నాను.

ముందు గాలాన్ని గుర్తుపట్టండి

దారం కట్టే బెజ్జం, ఫ్లై కట్టే కాడ, వంపు, మొన, మొన వెనక వెనక్కి తిరిగి ఉండే ఎదురుముల్లు: గాలమంటే ఈ ఐదే. కాడకూ మొనకూ మధ్య ఖాళీని గాలం నోరు అనుకోండి.

నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది. 8 కంటే 14 చిన్నది, 14 కంటే 18 చిన్నది. 1 దాటాక లెక్క తిరగబడి 1/0, 2/0 అంటూ పెద్దవవుతాయి. ప్యాకెట్ మీద ‘2ఎక్స్ లాంగ్’ అని ఉంటే కాడ మామూలు కంటే పొడవు. ‘1ఎక్స్ ఫైన్’ అంటే తీగ సన్నం, ‘2ఎక్స్ హెవీ’ అంటే మందం. నీటి మీద తేలే ఫ్లైకి సన్నని తీగ కావాలి, మునిగేదానికి మందపాటి తీగ కావాలి. ఈ రెండూ తారుమారైతే ఎంత మంచి గాలమైనా దండగే.

కొనేటప్పుడు చేయవలసినవి

• ధరను ప్యాకెట్ లెక్కన కాకుండా గాలం లెక్కన చూడండి. ఉదాహరణకు 25 గాలాలు 6 డాలర్లయితే ఒక్కోటి 24 సెంట్లు. అదే రకం 100 గాలాలు 15 డాలర్లకు వస్తే ఒక్కోటి 15 సెంట్లే.

• మొదట మూడు రకాలు చాలు. తేలే ఫ్లైలకు 14, 16 నంబర్లు. నింఫ్‌ అనే మునిగే ఫ్లైలకు మందపాటి తీగలో అవే నంబర్లు. ఊలీ బగ్గర్ లాంటి పెద్ద ఫ్లైలకు పొడవు కాడ ఉన్న 8వ నంబరు. వీటితో ఒక ఏడాది హాయిగా గడుస్తుంది.

• ప్యాకెట్ మీద తయారీదారు పేరు, మోడల్ నంబరు ఉన్నవే తీసుకోండి. 1832లో నార్వేలో మొదలైన ముస్తాద్, జపాన్‌కు చెందిన టియెమ్‌కో, గామకత్సు, చెక్ దేశపు హనాక్ ఇలా పేరున్నవి. ముస్తాద్ 94840 తేలే ఫ్లైలకు, 9672 పొడవు కాడ ఫ్లైలకు చాలాకాలంగా కొలబద్దలు. కొత్త కంపెనీ గాలాన్ని ఇలాంటి దాని పక్కన పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది.

• కొత్త కంపెనీది అయితే ముందు చిన్న ప్యాకెట్ కొని, పరీక్షలో నెగ్గాకే వంద తెప్పించండి. చవకలోనూ మంచి గాలాలు ఉన్నాయి. వాటిని వెతికి పట్టుకునే దారి ఇదే.

కొనేటప్పుడు చేయకూడనివి

• అన్ని నంబర్లూ కలిపి అమ్మే 500 గాలాల డబ్బా కొనకండి. అందులో మీకు పనికొచ్చేవి కొన్నే, మిగతావి తుప్పు పడతాయి.

• పేరున్న కంపెనీ గాలం సగానికి సగం ధరకు కనిపిస్తే ఆశపడకండి. అట్ట మీద అక్షరాలు తేడాగా ఉంటే, మోడల్ నంబరు లేకపోతే అది నకిలీ కావచ్చు.

• ఒక కంపెనీ 14, ఇంకో కంపెనీ 14 ఒకటేనని అనుకోకండి. కాడ పొడవు, నోటి వెడల్పు మారతాయి. పక్కపక్కన పెట్టి చూడండి.

• ఉప్పునీటి కోసం చేసిన స్టెయిన్‌లెస్ గాలం ఏటి చేపకు వాడకండి. దారం తెగి చేప నోట్లో ఉండిపోతే అది త్వరగా తుప్పు పట్టి ఊడిపోదు.

ప్యాకెట్ విప్పగానే చేయవలసిన పరీక్షలు

వందలో పది తీయండి. కళ్ళద్దాలు పెట్టుకోండి. చూపు బాగున్నా సరే, ప్లాస్టిక్ రక్షణ అద్దాలు పెట్టుకోండి.

• గోటి పరీక్ష: మొనను బొటనవేలి గోటి మీద ఏమాత్రం ఒత్తకుండా పక్కకు లాగండి. పదునున్న మొన అక్కడే నాటుకుంటుంది. జారి గీత పెడితే అది మొద్దు.

• వంపు పరీక్ష: వంపు దగ్గర వైసులో బిగించి, బెజ్జం వైపు కాడను వేలితో కొద్దిగా కిందికి వంచి వదలండి. మంచి ఉక్కు చిన్నగా మోగి, వెంటనే తన చోటికి వస్తుంది. వంగి ఉండిపోతే ఉక్కు మెత్తన. విరిగితే పెళుసు. పదిలో ఒక్కటి విరిగినా ఆ ప్యాకెట్ మొత్తం పక్కన పెట్టండి.

• బెజ్జం పరీక్ష: సన్నని నైలాన్ దారం బెజ్జంలోంచి దూర్చి నాలుగుసార్లు అటూ ఇటూ లాగండి. దారం గరుకెక్కితే బెజ్జం పూర్తిగా మూసుకోలేదని అర్థం. చేప బరువుకు ఆ చోటే తెగుతుంది.

• కంటి పరీక్ష: భూతద్దంలో చూడండి. మొన కాడకు సూటిగా ఉందా, పూత పెచ్చులు లేచిందా, ఎదురుముల్లు మరీ లోతుగా కోసి ఉందా అన్నవి గమనించండి. ముల్లు లోతుగా కోసిన చోటే గాలం విరుగుతుంది.

చేయకూడనిది ఒక్కటే. పరీక్షలో ఓడిన గాలాన్ని ‘చిన్న చేపలకు పనికొస్తుందిలే’ అని డబ్బాలో తిరిగి వేయకండి. మర్నాడు అదే చేతికొస్తుంది.

ఎదురుముల్లు నొక్కేటప్పుడు

ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో ఎదురుముల్లు లేని గాలమే వాడాలన్నది నియమం. ఫ్లైతో చేపలు పట్టే అంతర్జాతీయ పోటీల్లోనూ అంతే. నియమం లేని చోట కూడా నేను ముల్లు ఉంచను. చేప నోట్లోంచి తేలిగ్గా వస్తుంది, నా వేల్లో దిగినా తేలిగ్గా వస్తుంది.

చేయవలసినవి: ముల్లు లేకుండా తయారైన గాలాలే కొనడం అన్నిటికన్నా సులువు. ఉన్నవాటికైతే చదును మూతి పట్టుకారు తీసుకోండి. పట్టుకారును మొన ఉన్న దిశలోనే పెట్టి, ముల్లును మెల్లగా నొక్కండి. తర్వాత కాస్త దూదిని దాని మీదుగా లాగండి. దూది చిక్కుకోకపోతే ముల్లు పోయినట్టే. ఫ్లై కట్టకముందే ఈ పని చేయండి. మొన విరిగితే పోయేది ఖాళీ గాలమే, గంటసేపు కట్టిన ఫ్లై కాదు.

చేయకూడనివి: మొనకు అడ్డంగా పట్టి నొక్కకండి, మొన తెగి ఎగురుతుంది. కళ్ళద్దాలు లేకుండా నొక్కకండి. పిల్లలు పక్కన ఉండగా అసలే వద్దు.

ఫ్లై కట్టేటప్పుడు చేయవలసినవి

• గాలాన్ని వంపు దగ్గర వైసులో గట్టిగా బిగించండి. వదులుగా ఉంటే దారం లాగేటప్పుడు ఎగిరి చేతిలో దిగుతుంది.

• మొన ఎటు ఉందో ప్రతిసారీ చూసుకుని వేళ్ళు పెట్టండి. నాకు అయిన గాయాల్లో ఎక్కువ భాగం కత్తెర అందుకోబోయినప్పుడు అయినవే.

• లక్క, జిగురు వాడేటప్పుడు కిటికీ తెరవండి. చివర్న బెజ్జంలోకి సూది దూర్చి జిగురు తీసేయండి. ఏటి గట్టు మీద చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు మూసుకుపోయిన బెజ్జాన్ని మొనతో పొడిచేవాళ్ళను చూశాను. వేలు తెగడానికి అంతకన్నా దగ్గరి దారి లేదు.

• యూవీ జిగురు వాడితే గ్లవ్స్ వేసుకోండి. గట్టిపడని జిగురు చర్మానికి పదేపదే తగిలితే అలర్జీ రావచ్చు.

• బరువు కోసం సీసం తీగకు బదులు టంగ్‌స్టన్ పూస గానీ ఇత్తడి పూస గానీ వాడండి. సీసం ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినండి.

ఫ్లై కట్టేటప్పుడు చేయకూడనివి

• గాలాన్ని పెదాల మధ్య పెట్టుకోకండి. దర్జీలు గుండుసూదులు పెట్టుకోవడం చూసి మనకూ అలవాటవుతుంది. తుమ్మొస్తే ఏమవుతుందో ఆలోచించండి.

• సీసం తీగను, సీసం గుండ్లను పళ్ళతో కొరకకండి.

• యూవీ దీపం వెలుగులోకి నేరుగా చూడకండి.

• సూపర్ గ్లూతో వేళ్ళు అంటుకుంటే బలంగా లాగకండి. గోరువెచ్చని సబ్బునీళ్ళలో నాననిచ్చి మెల్లగా విడదీయండి.

• పాత ఫ్లైని చీల్చి గాలం తిరిగి వాడాలనుకుంటే బ్లేడును మీ వైపు లాగకండి. ఆ గాలానికి మళ్ళీ గోటి పరీక్ష, వంపు పరీక్ష చేయకుండా వాడకండి.

దాచడంలో

చేయవలసినవి: నంబరు వారీగా గదులున్న మూత డబ్బాలో పెట్టండి. అసలు ప్యాకెట్ మీది చీటీ కత్తిరించి ఆ గదిలోనే వేయండి. తడి పీల్చే చిన్న సిలికా పొట్లం ఒకటి లోపల ఉంచండి. పని అయ్యాక బల్ల మీద, నేల మీద అయస్కాంతం తిప్పండి. 20వ నంబరు గాలం కార్పెట్‌లో కంటికి కనబడదు, పాకే పిల్లాడి అరచేతికి మాత్రం తగులుతుంది. విరిగినవి గట్టి మూత ఉన్న సీసాలో వేసి, నిండాక టేపు చుట్టి పారేయండి.

చేయకూడనివి: తడిసిన ఫ్లైని ఆరకుండా డబ్బాలో పెట్టకండి. ఒక్కటి తుప్పు పడితే పక్కవాటికీ పడుతుంది. కుక్కో పిల్లో ఉన్న ఇంట్లో ఈక కట్టిన ఫ్లైని బల్ల మీద వదిలి లేవకండి. దానికది ఆటవస్తువు, నోట్లో వేసుకుంటుంది. తీర్థన్ లోయకో కాశ్మీరుకో ట్రౌట్ కోసం వెళ్ళే స్నేహితులకు ఇక్కడి నుంచి గాలాలు తీసుకెళ్తుంటే చేతిసంచిలో పెట్టకండి. గట్టి డబ్బాలో సర్ది చెక్-ఇన్ పెట్టెలో వేయండి.

గాలం గుచ్చుకుంటే

ముల్లు లేని గాలం పైపైన దిగితే, దిగిన దారిలోనే మెల్లగా వెనక్కి తీయండి. సబ్బుతో బాగా కడిగి కట్టు కట్టండి. ఎదురుముల్లు ఉన్నది లోపలికి దిగితే గాలం కదలకుండా దారం కత్తిరించి, డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ధనుర్వాతం టీకా వేయించుకుని ఐదేళ్ళు దాటితే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. రెండు రోజుల్లో ఎరుపు, వాపు, చీము కనిపిస్తే మళ్ళీ చూపించుకోండి.

కంట్లో, కంటి రెప్పలో దిగితే మాత్రం లాగకండి, నొక్కకండి, కడగకండి. కాగితం కప్పును గాలానికి తగలకుండా కంటి చుట్టూ బోర్లించి, టేపుతో అంటించి, వెంటనే అత్యవసర విభాగానికి తీసుకెళ్ళండి. మెడలో, కీలులో, నరం దగ్గర దిగినా ఇంట్లో ప్రయత్నం వద్దు.

పది గాలాల అలవాటు

ఇప్పుడు ఏ ప్యాకెట్ వచ్చినా, వంద రూపాయలదైనా పది డాలర్లదైనా, ముందు పది గాలాలు వైసు ఎక్కుతాయి. పేరున్న కంపెనీదీ ఒకసారి ఓడిపోయింది, చవకది ఒకటి ఆరేళ్ళుగా నాతో ఉంది. నేను ఏటిలో పట్టిన ట్రౌట్‌ను తిరిగి వదిలేస్తాను. తడి చేతుల్లో పట్టుకుని, ముల్లు లేని గాలాన్ని చిన్నగా తిప్పితే వచ్చేస్తుంది. చేప ఒక్క క్షణం అరచేతిలో నిలబడి, తోక ఆడించి లోతుకు పోతుంది. దాని పెదవి చీలలేదు, నా వేలు తెగలేదు. వైసు ముందు గడిపిన ఆ పది నిమిషాలు ఇద్దరికీ పనికొచ్చాయి.