కాలువకు పడమట: పుదుచ్చేరి పాత పేట

పుదుచ్చేరి పట్టణాన్ని ఉత్తర దక్షిణాలుగా సాగే ఒక కాలువ రెండుగా విభజిస్తుంది. ఫ్రెంచి పాలనలో దానికి తూర్పున, సముద్రతీరాన ఐరోపావారి నివాసాలుండేవి. ఆ భాగాన్ని తెల్లవారి పట్టణమనీ, పడమటి భాగాన్ని నల్లవారి పట్టణమనీ పిలిచేవారు.

పడమటి పేటలో హిందువుల, క్రైస్తవుల, మహమ్మదీయుల వీధులు పక్కపక్కనే వెలిశాయి. ఈ సహజీవనం ఒడిదుడుకులు లేనిది కాదు. 1748లో ఆంగ్లేయుల ముట్టడి సమయాన ఫ్రెంచివారు చర్చి పక్కనున్న వేదపురీశ్వరాలయాన్ని కూల్చివేశారు. గవర్నరు డూప్లే వద్ద ప్రధాన దుబాషీగా ఉన్న ఆనందరంగ పిళ్ళై (1709-1761) ఆ ఘటనను తన తమిళ దినచర్యలో వివరంగా వ్రాసి ఉంచాడు. అనంతర కాలంలో ఆలయాన్ని వేరొక చోట పునర్నిర్మించారు.

పిళ్ళై తెలుగు కవులను సైతం ఆదరించాడు. కస్తూరి రంగకవి తన ‘ఆనందరంగ రాట్ఛందము’ను ఆయనకే అంకితమిచ్చాడు. నేటికీ నిలిచి ఉన్న పిళ్ళై భవనంలో కింది అంతస్తు తమిళుల ఇంటి తీరున, పై అంతస్తు ఫ్రెంచి తీరున ఉన్నాయి. ఈ పేటలోని పలు పాత ఇళ్లలోనూ ఇదే కలయిక: వీధివైపు బాటసారి సేదతీరే అరుగు, పైన కమాను కిటికీలు.

1954 నవంబరు 1న పుదుచ్చేరి పాలన భారతదేశానికి సంక్రమించింది. కాలువ ఇప్పటికీ ఉంది. అయితే ఎవరు ఏ ఒడ్డున నివసించాలో నిర్ణయించే అధికారం దానికి లేదు. గాయాన్ని దాచని దినచర్యనూ, రెండు సంప్రదాయాలకు చోటిచ్చిన ఇంటినీ కలిపి చదివినప్పుడే ఈ పేట చరిత్ర సమగ్రంగా బోధపడుతుంది.