నేలనడిగి కట్టిన భవనం

చలికాలం తెల్లవారుజామున నూతిలోంచి తోడిన నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ నూతి నీళ్ళే చల్లగా తగులుతాయి. ఎందుకు? నిజానికి నీళ్ళు పెద్దగా మారలేదు. మారింది పైనున్న గాలి. మట్టి వేడిని చాలా నెమ్మదిగా ప్రసరింపజేస్తుంది. అందువల్ల లోతుకు పోయేకొద్దీ ఎండ, చలి ప్రభావం తగ్గిపోతుంది. పది మీటర్ల లోతున ఏడాది పొడవునా ఉష్ణోగ్రత దాదాపు ఒకేలా ఉంటుంది.

ఈ సంగతిని బాగా వాడుకున్న భవనం ఒకటి అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, బారబూ పట్టణం దగ్గర ఉంది. దాని పేరు ఆల్డో లియోపోల్డ్ కేంద్రం. లియోపోల్డ్ వన్యప్రాణి శాస్త్రవేత్త. 1935లో ఆయన అక్కడ సారం ఉడిగిన ఒక పొలం కొన్నాడు. భార్యతో, ఐదుగురు పిల్లలతో కలిసి ఏటేటా పైన్ మొక్కలు నాటాడు. 1948లో పొరుగువారి పొలంలో గడ్డికి అంటుకున్న మంటను ఆర్పబోయి గుండెపోటుతో మరణించాడు. ఆ దగ్గరలోనే 2007లో ఈ కేంద్రం వెలసింది. ఆ నేలనూ, ఆయన ఆలోచనలనూ చూడవచ్చినవారికి పరిచయం చేయడం దీని పని.

దూలాలు ఎక్కడివి?

నాటిన మొక్కలు అడవి అయ్యాయి. చెట్లు మరీ ఒత్తుగా ఉంటే వెలుతురు, నీరు చాలక బక్కచిక్కుతాయి. చేలో ఒత్తుగా మొలిచిన మొక్కలను పీకి పలచన చేస్తారు గదా! అడవిలోనూ అంతే. అలా తీసిన చెట్లే ఈ భవనానికి స్తంభాలు, దూలాలు అయ్యాయి.

సన్నని బోదెలు బరువు మోస్తాయా? గుండ్రంగా ఉంచితే మోస్తాయి. చెక్కలోని నారలు ముడుల చుట్టూ వంపు తిరుగుతాయి. రంపంతో కోస్తే అక్కడ నారలు తెగి, చెక్క బలహీనమవుతుంది. కోయని బోదెలో అవి తెగవు. మన పందిళ్ళకు సరుగుడు కర్రలను గుండ్రంగానే వేయడం మీరు చూసే ఉంటారు.

గాలిని వేడిచేసే మట్టి

ఈ భవనంలోకి తాజా గాలి నేలలో పాతిన గొట్టాల గుండా వస్తుంది. బయట గాలి సున్నాకు 15 డిగ్రీలు దిగువన ఉందనుకుందాం. లోపల 20 డిగ్రీలు కావాలి. అంటే 35 డిగ్రీలు పెంచాలి. గొట్టంలో వచ్చే గాలిని మట్టి 5 డిగ్రీలకు తెచ్చిందనుకోండి. ఇక పెంచవలసింది 15 డిగ్రీలే! సగానికి పైగా పని నేలే చేసింది.

చూరు చేసే పని

ఆ చోటు సుమారు 43.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 22 మధ్యాహ్నం అక్కడ సూర్యుడి ఎత్తు 90 – 43.5 – 23.5, అంటే 23 డిగ్రీలు. జూన్ 21న 70 డిగ్రీలు. దక్షిణపు కిటికీల మీదికి చూరు ముందుకు వచ్చి ఉంటుంది. వాలుగా వచ్చే చలికాలపు ఎండ చూరు కిందుగా లోపలికి పోతుంది. నిట్టనిలువుగా పడే వేసవి ఎండను చూరు ఆపుతుంది. కప్పు మీది 198 సౌరఫలకాలు విద్యుత్తునిస్తాయి. అవసరం ముందే తగ్గింది కాబట్టి ఆ విద్యుత్తు ఎక్కువ పనికి వస్తుంది.

మనం ఏం నేర్చుకోవాలి?

ఈ భవనాన్ని ఉన్నదున్నట్టు తెచ్చి హైదరాబాదులో కడితే పొరపాటే. అక్కడి సమస్య చలి, మన సమస్య ఎండ. చలిదేశాలలో ఎండను లోపలికి పట్టే అద్దాల గోడలను ఇక్కడ నిలబెడితే, లోపల చేరిన వేడిని బయటికి తోడడానికి ఏసీలు రోజంతా కరెంటు తింటాయి. అయితే అదే మట్టి గొట్టం మన వేసవిలో 42 డిగ్రీల గాలిని చల్లబరచగలదు. కనుక మనం తెచ్చుకోవలసినవి ఆ భవనం అడిగిన ప్రశ్నలు: ఇక్కడ సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడు? నేల ఎంత చల్లన? దగ్గరలో ఏం దొరుకుతుంది? మన మట్టిగోడలు, వసారాలు ఈ ప్రశ్నలకు మన పెద్దలు చెప్పిన జవాబులే.

చేసి చూడండి

బడి ఆవరణలో నీడపట్టున అర మీటరు గుంట తీసి, ఒక గొట్టం నిలబెట్టి చుట్టూ మట్టి కప్పండి. దారం కట్టిన ఉష్ణమాపకాన్ని అడుగుకు దించి, మూతికి గుడ్డ కుక్కండి. మరొకటి పైన నీడలో వేలాడదీయండి. మూడు రోజులపాటు ఉదయం, మధ్యాహ్నం రెండింటినీ చూసి రాసుకోండి. ఏది ఎక్కువగా మారింది? మీ ఊరి అక్షాంశంతో డిసెంబరు సూర్యుడి ఎత్తు కూడా లెక్కకట్టండి.