విద్యార్థులే స్థాపించుకున్న బడి



పదో తరగతి తర్వాత ఏం చదువుతావని అడిగితే మన హాస్టల్లో వినిపించే జవాబులు మూడే: ఇంజనీరు, డాక్టరు, టీచరు. ఆర్కిటెక్చర్ అనే చదువు ఒకటి ఉందని ఇంటర్‌లో చేరేదాకా మాకూ తెలియదు. భవనం గట్టిగా నిలబడేలా లెక్క వేసేది ఇంజనీరు. ఆ భవనంలోకి వెలుతురు ఎటునుంచి రావాలి, గాలి ఎలా ఆడాలి, మనుషులు అందులో ఎలా మసలాలి అని ఆలోచించి గీసేది ఆర్కిటెక్టు. ఈ చదువు చెప్పే ఒక ప్రసిద్ధ బడి చరిత్రను ఇక్కడ తెలుసుకుందాం. దాని పేరు ఆర్కిటెక్చరల్ అసోసియేషన్. అది లండన్ నగరంలో ఉంది.

పుట్టుక

ఆ రోజుల్లో ఇంగ్లండులో ఆర్కిటెక్టు కావాలంటే ఒక పెద్ద ఆర్కిటెక్టుకు డబ్బు కట్టి, ఆయన ఆఫీసులో కొన్నేళ్ళు శిష్యరికం చేయాలి. చాలాచోట్ల ఆ శిష్యులు పాత నక్షాలకు నకళ్ళు తీయడమే తప్ప నేర్చుకున్నది తక్కువ. ఇది నచ్చని కుర్రవాళ్ళు కొందరు 1847లో ఈ సంఘం పెట్టుకున్నారు. వారిలో ముఖ్యులు రాబర్ట్ కెర్, చార్లెస్ గ్రే. అప్పటికి కెర్ వయసు 24 ఏళ్ళు, గ్రే అతనికన్నా చిన్నవాడు. పగలు ఆఫీసు పని చేసి, సాయంత్రం ఒకచోట చేరేవారు. ఎవరు గీసిన నక్షా వారు తెచ్చి చూపిస్తే మిగతావారు అందులోని తప్పొప్పులు చెప్పేవారు. అంటే ఒకరికొకరు గురువులన్నమాట.

1901లో పగటి బడి మొదలైంది. 1917లో బెడ్‌ఫోర్డ్ స్క్వేర్‌లోని పాత ఇళ్ళలోకి మారింది. నేటికీ అక్కడే ఉంది. అదే ఏడాది అమ్మాయిలకు కూడా ప్రవేశం దొరికింది.

చదువు చెప్పే తీరు

ఈ బడిలో ‘యూనిట్’ పద్ధతి 1930లలో వచ్చింది. కొద్దిమంది విద్యార్థులు, వారికి ఒకరిద్దరు అధ్యాపకులు కలిస్తే ఒక యూనిట్. ఏడాది మొదట్లో ప్రతి యూనిట్ అధ్యాపకులు తాము తీసుకోబోయే సమస్యను వివరిస్తారు. తనకు ఏది కావాలో విద్యార్థి చెబుతాడు. తాను గీసినదాన్ని అందరి ముందు నిలబడి సమర్థించుకోవాలి. డార్సెట్ ప్రాంతంలో ఈ బడికి సుమారు 350 ఎకరాల అడవి ఉంది. విద్యార్థులు అక్కడి కలపతో సొంత చేతులతో నిర్మాణాలు చేస్తారు.

మన ప్రాంతంతో సంబంధం

హిట్లర్ జర్మనీ నుంచి తప్పించుకున్న ఆటో కోనిగ్స్‌బర్గర్ 1939లో మైసూరు సంస్థానానికి ఆర్కిటెక్టుగా వచ్చారు. భువనేశ్వర్ నగర ప్రణాళిక వేసింది ఆయనే. తర్వాత లండన్ వెళ్ళి, ఈ బడిలో 1954లో మొదలైన ఉష్ణదేశాల నిర్మాణ విభాగానికి నాయకత్వం వహించారు. ఎండ, వాన, గాలి దిశ చూసి ఇల్లు కట్టడం అక్కడ పాఠమైంది. శ్రీలంకకు చెందిన మినెట్ డి సిల్వా, జెఫ్రీ బావా ఈ బడి విద్యార్థులే. బాగ్దాద్‌లో పుట్టి, ముందు గణితం చదివిన జహా హదీద్ 1977లో ఇక్కడ చదువు ముగించారు. 2004లో ప్రిట్జ్‌కర్ బహుమతి పొందిన తొలి మహిళ ఆమె.

స్వేచ్ఛకు ధర

ఈ బడి ఏ విశ్వవిద్యాలయానికీ చెందదు. 1970 ప్రాంతంలో ఇంపీరియల్ కాలేజీలో కలిపేయాలన్న చర్చలు విఫలమయ్యాయి. మూతపడే ప్రమాదం వచ్చింది. అప్పుడు విద్యార్థులు, అధ్యాపకులు బడిని నిలబెట్టుకోవాలని నిశ్చయించి, 1971లో ఓటు వేసి ఆల్విన్ బోయార్‌స్కీని నాయకుడిగా ఎన్నుకున్నారు. ఆయన 1990లో చనిపోయేవరకు నడిపించారు. సొంతంగా డిగ్రీ ఇచ్చే అధికారం మాత్రం 2019లో గానీ రాలేదు.

అయితే ఒక్క మాట దాచకూడదు. సర్కారు ఆసరా లేనందున ఈ బడి ముఖ్యంగా ఫీజుల మీదే నడుస్తుంది. ఆ ఫీజు చాలా ఎక్కువ. స్కాలర్‌షిప్పులు ఉన్నా అవి కొందరికే. డబ్బు కట్టి నకళ్ళు తీసే చదువు వద్దని పుట్టిన బడిలోకి నేడు డబ్బు లేనివారు వెళ్ళడం కష్టం. సర్కారు హాస్టల్లో ఉచితంగా తిని చదువుకునే మనకు ఈ సంగతి బాగా అర్థమవుతుంది. బడికి స్వేచ్ఛ ఎంత అవసరమో, బీదవాడికి తలుపు తెరిచి ఉండటం కూడా అంతే అవసరం.

మనం నేర్చుకోవలసినది

ఆర్కిటెక్చర్ చదవడానికి లండన్ వెళ్ళనక్కరలేదు. ఇంటర్‌లో గణితం, భౌతికశాస్త్రం చదివి, ‘నాటా’ పరీక్ష రాస్తే మన హైదరాబాదులోనే అయిదేళ్ళ బి.ఆర్క్. చదవవచ్చు. బొమ్మలు బాగా గీసే తమ్ముళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

రాత్రి స్టడీ అవర్‌లో పదో తరగతివాళ్ళు ఎనిమిదో తరగతివాళ్ళకు లెక్కలు చెప్పడం మనం రోజూ చూస్తున్నాం. 1847లో ఆ కుర్రవాళ్ళు చేసినదీ ఇదే. ఒక గది, ఒక దీపం, తప్పు చెబితే కోపం తెచ్చుకోని స్నేహితులు ఉంటే బడి మొదలైనట్టే. ఈ అలవాటును మా తర్వాత మీరు కూడా నిలబెట్టాలని కోరుకుంటున్నాం.