జాతరలో పసుపు పాలిపోకుండా

ప్రశ్న: మాళేగావ్ ఖండోబా జాతరలో పసుపు జల్లే ఫొటోలు ఫోన్లో వెలవెలబోతున్నాయి. మంచి కెమెరా కొనాలా? – ఒక పాఠకుడు, సగరోళి

జవాబు: కొనక్కర్లేదండీ. ఫోన్ అతితెలివే మీ ఇబ్బందికి కారణం. ఫ్రేమంతా పసుపు కమ్ముకుంటే ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని వెలుతురు తేడా అనుకుని నీలం కలిపేస్తుంది. ప్రో మోడ్‌లో వైట్ బ్యాలెన్స్‌ను 5,500 కెల్విన్ దగ్గర కట్టేయండి, ఎక్స్‌పోజర్ మైనస్ 0.7 దాకా తగ్గించండి. ఇదంతా ఎడిటింగ్‌లో దిద్దుకోవచ్చుగా అంటారు. రంగు కొంతవరకు దిద్దవచ్చు. కానీ ఎండలో మెరిసే పసుపులో ఎరుపు చానెల్ నిండిపోయిందంటే గుప్పిట్లోంచి ఎగిరిన పొడి రేణువులు ఒకే ముద్దగా కనిపిస్తాయి. జేపెగ్ ఫైల్లో ఆ వివరం ఇక తిరిగి రాదు. సాయంత్రం సూర్యుడికి ఎదురుగా నిలబడి తీస్తే గాల్లో పొడి వెలుగుతుంది. ముఖాలు నల్లబడతాయి, నల్లబడనివ్వండి.

ఖండోబా పాటలు పాడే భక్తులు వాఘ్యా, మురళీలను మాత్రం అడిగే తీయండి. అడిగితే సహజత్వం పోతుందన్న వాదన నిలవదు: మొదట బిగుసుకున్నా, పాట అందుకున్నాక కెమెరా ఎవరికి గుర్తుంటుంది? జాతరలోని గుర్రాల సంతలో ఆ చిక్కు లేదు గానీ వెనక కాళ్లకు దూరంగా ఉండండి. లెన్స్ మీద పడ్డ పసుపును చొక్కాతో రుద్దకుండా ముందు బ్లోయర్‌తో ఊదేయండి.