థ్రాటిల్ బిగుసుకొనుట – లోపనిర్ణయ క్రమము

హకీము నాడి చూడక మందు వ్రాయడు. యంత్రముల విషయమునను ఇదియే న్యాయము. లోపమెచ్చట నున్నదో తెలియక భాగములను మార్చుట ధనవ్యయము. ఒక్కొక్కప్పుడు ప్రాణాపాయము కూడ. పాత పెట్రోలు కార్లలో తరచుగ కనబడు ఒక లోపమును ఆధారముగ చేసికొని ఈ సంగతిని వివరింపదలచితిమి.

2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్‌నే ఉదాహరణగ గైకొందము. కార్బురేటరు గల పాత బండిలో యాక్సిలరేటరు పెడలు తొక్కగనే కేబులు లాగబడి, కార్బురేటరు గొంతులోని గుండ్రని రేకు తిరుగును. అది తెరచుకొన్న కొలది ఇంజనులోనికి గాలియు, దానితోపాటు పెట్రోలును అధికముగ పోవును. ఇదియే థ్రాటిల్. కాలు తీయగనే స్ప్రింగు దీనిని మూయవలెను. మూసికొననిచో బండి మన అదుపు తప్పును.

కొన్నేండ్ల క్రిందట మా పాత అంబాసిడరు ఒక వాలు దిగుచుండగా ఇట్లే జరిగినది. కాలు తీసితిమి గాని ఇంజను హోరు తగ్గలేదు. ముందు సైకిలుపై ఒక బాలుడు పోవుచుండెను. క్లచ్చి తొక్కి, గేరును న్యూట్రలునకు తెచ్చి, బ్రేకును గట్టిగ అదిమి బండిని ప్రక్కకు నిలిపి, అప్పుడు తాళము కట్టివేసితిమి. ఇట్టి వేళ పరుగెత్తుచున్న బండి తాళపుచెవిని పెరికివేయరాదు. స్టీరింగు తాళమున్న కార్లలో చక్రము తిరుగకుండ పోవును.

బండిని చూచిన మెకానిక్కు కార్బురేటరు మార్చవలెననెను. మార్పించితిమి. నాలుగు దినములకు మరల అదే లోపము! అప్పుడు మేము క్రమముగ పరీక్షింప పూనుకొంటిమి. ఆ క్రమమిది.

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, హ్యాండుబ్రేకు వేయవలెను. మొదట పెడలును చూడవలెను. క్రింద పరచిన రబ్బరు మ్యాటు ముందుకు జరిగి పెడలునకు అడ్డుపడుచున్నదేమో, పెడలు కీలు త్రుప్పు పట్టినదేమో గమనింపవలెను.

పిమ్మట ఒకరు పెడలు తొక్కి విడుచుచుండ, మరియొకరు కార్బురేటరు ప్రక్కనున్న లివరును చూడవలెను. కాలు తీయగనే అది తన స్టాపు స్క్రూను తాకవలెను. తాకియు ఇంజను అతివేగముగ తిరుగుచున్నచో థ్రాటిల్ బిగుసుకొనలేదన్న మాట. గ్యాస్కెట్టు ద్వారానో, పగిలిన వాక్యూము గొట్టము ద్వారానో గాలి చొరబడుచుండవచ్చును. లేదా ఆ స్క్రూయే ఎక్కువగ బిగింపబడి యుండవచ్చును.

లివరు స్టాపును తాకనిచో ముందుగ చోకు పూర్తిగ వెనుకకు పోయినదా యని చూడవలెను. చోకు నిలిచిపోయినను థ్రాటిల్ కొంత తెరచియే యుండును. పిదప కేబులును కార్బురేటరు నుండి విప్పి, లివరును చేతితో త్రిప్పి విడువవలెను. చప్పున వెనుకకు పోయినచో కార్బురేటరు నిర్దోషి. పోనిచో రేకు అంచున పేరుకొన్న మసియో, వంగిన ఇరుసో, సడలిన స్ప్రింగో కారణము.

కార్బురేటరు నిర్దోషియైనచో కేబులును రెండు కొనల నుండియు లాగి చూడవలెను. త్రుప్పు, మెలిక, తెగిన పోగులు, ఎగ్జాస్టు వేడికి కరిగిన తొడుగు – ఇవి దాని దోషములు. నిలిపియున్నప్పుడు అంతయు సరిగనుండి, రోడ్డుపై వేగము పెంచినప్పుడు మాత్రమే లోపము కనబడినచో ఇంజను మౌంటింగులను పరీక్షింపవలెను. అవి అరిగినచో ఇంజను ఒరిగి కేబులును తానే లాగును.

మా బండి కేబులులో, వంపు తిరిగిన చోట, రెండు పోగులు తెగియుండెను. పెడలును బాగుగ తొక్కినప్పుడు మాత్రమే అవి తొడుగులో చిక్కుకొనుచుండెను. అందుచేతనే షెడ్డులో మెల్లగ తొక్కి చూచినవారికి లోపము కనబడలేదు. నూనె పోసి సరిపెట్టుకొందమని మాకును ఆశ పుట్టినది. కాని తెగిన పోగునకు నూనె మందు కాదు. నూనె వలన లోపము కొన్ని దినములు దాగియుండి, మనము ధైర్యముగ నడుపుచున్నప్పుడు తిరిగి వచ్చును. కొత్త కేబులు వేయించితిమి. లోపము పోయినది.

తీసివేసిన కార్బురేటరు మా ఇంటిలో నేటికిని ఉన్నది. దానిలో ఏ దోషమును లేదు. దానిని చూచినప్పుడెల్ల మాకు వృథాయైన డబ్బు కంటె ఆ సైకిలు బాలుడే ముందు గుర్తుకు వచ్చును. కార్బురేటరు మారినదన్న నమ్మకముతో ఆ నాలుగు దినములును మేము అదే వాలున బండిని నడిపితిమి.