ముందు బ్రేకులు, తర్వాతే హంగులు

ప్రశ్న: 2006 మోడల్ స్కోడా ఆక్టావియా ఆర్‌ఎస్ చవగ్గా కొన్నాను. ఇంజిన్ వేడెక్కుతోంది. అల్లాయ్ చక్రాలు, మోత సైలెన్సర్ వేయించనా?
- ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు రేడియేటర్, థర్మోస్టాట్, ఫ్యాన్, బ్రేకులు, టైర్లు చూపించండి. ఈ 1.8 టర్బో ఇంజిన్‌లో టైమింగ్ బెల్ట్ తెగితే వాల్వులు వంగిపోతాయి. ఎప్పుడు మార్చారో రసీదు లేకపోతే, వాటర్ పంపుతో సహా ఇప్పుడే మార్పించండి. ఆటోనగర్‌లో డోర్లు, బంపర్లు పాతవి కొన్నా ఫర్వాలేదు. బెల్ట్, బ్రేక్ ప్యాడ్లు కొత్తవే వేయించండి. 15 ఏళ్లు దాటింది కనుక ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో చూసుకోండి. చక్రాలు తర్వాత చూద్దాం. మోత సైలెన్సర్ వద్దు, జరిమానా పడుతుంది. మరమ్మతుల అంచనా కారు ధరను మించితే అమ్మేయడమే మేలు.

టెంపరేచర్ ముల్లు ఎర్రగీత తాకినా, బ్రేక్ పెడల్ మెత్తగా దిగిపోతున్నా నడపకండి. కారును టోయింగ్‌లో తీసుకెళ్లి, టర్బో ఇంజిన్లు తెలిసిన మెకానిక్‌కు చూపించండి.