బనగానపల్లె సంస్థానము

గత సంవత్సరము భూగోళ పాఠమునాడు ఐరోపా పటమును గోడకు వ్రేలగట్టి, స్విట్జర్లాండు, ఆస్ట్రియా దేశముల నడుమ ఆవగింజవలె నున్న లీక్టెన్‌స్టెయిన్ దేశమును బెత్తముతో చూపుచుంటిమి. దాని వైశాల్యము 160 చదరపు కిలోమీటర్లనగా ఒక బాలుడు లేచి, “అయ్యా, అది మా మండలమంత కూడ లేదే, దానిని దేశమందురా?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. కాని ఆ ప్రశ్న నవ్వదగినది కాదు. ఆ బాలుడు బనగానపల్లె వాడు. లీక్టెన్‌స్టెయినుకు నాలుగింతలు గల రాజ్యమొకటి 1948 వరకు అతని యూరనే యుండెను!

లీక్టెన్‌స్టెయిన్ 1719లో రెండు చిన్న జమీలు కలియగా ఏర్పడినది. బనగానపల్లె జాగీరు అంతకంటె పాతది. విజాపుర సుల్తానుల కాలమున, 1665లో మహమ్మద్ బేగ్ ఖాన్ అను సర్దారునకు ఇది సంక్రమించెను. అతనికి కుమారులు లేనందున దౌహిత్రుడు ఫయిజ్ అలీఖానునకు దక్కెను. 1686లో ఔరంగజేబు విజాపురమును గెలిచినను జాగీరు ఆ కుటుంబము చేతనే నిలిచెను. పిమ్మట వీరు నిజాముకు లోబడిరి. మైసూరు హైదరాలీ బలపడినప్పుడు అతనికిని లోబడిరి. 1783లో హుసేన్ అలీఖాన్ మరణింపగా వారసుడు పసివాడు. అది చూచి టిప్పు సుల్తాను జాగీరును ఆక్రమించెను. కుటుంబము హైదరాబాదునకు పారిపోయి, కొన్ని యేండ్లకు తిరిగి వచ్చి తమ గద్దెను సంపాదించుకొనెను.

1800లో నిజాము మన సీమను ఇంగ్లీషువారికి దత్తము చేసెను. కడప, బళ్లారి ప్రాంతములు మన్రో దొర కలెక్టరుగిరి క్రిందికి పోయినవి. కర్నూలు నవాబు మాత్రము మిగిలెను, బనగానపల్లెయు మిగిలెను. ఈ రెంటి తరువాతి కథ వేరువేరు. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ రహస్యముగా ఆయుధములు కూర్చుచున్నాడని 1839లో సర్కారువారు సైన్యమును పంపి, జోహరాపురము వద్ద అతనిని పట్టుకొని తిరుచిరాపల్లికి తరలించిరి. అంత పెద్ద రాజ్యము ఒక్క సంవత్సరములో అంతరించెను. బనగానపల్లెను ఎవరును ముట్టలేదు. మా తలంపున దీనికి కారణము చిన్నతనమే: దానికి భయపడువారు లేరు, దానిని కోరువారును లేరు. లీక్టెన్‌స్టెయినువారు 1868లో తమ సైన్యమునే రద్దు చేసికొని నేటికిని సుఖముగా నున్నారు.

అయితే చిన్న రాజ్యమునకు అప్పు పెద్ద శత్రువు. ఆదాయవ్యయములు చక్కగా జరుగనందున ఇంగ్లీషువారు 1832 మొదలు 1848 వరకు పరిపాలనను తామే చేపట్టిరి. 1905లో మరల కొన్ని మాసములు అట్లే జరిగెను. ఈ నడుమనే, 1876లో, నవాబు బిరుదును వంశపారంపర్యముగా నిచ్చిరి. తొమ్మిది ఫిరంగుల మర్యాదయు కలదు. బిరుదు ఒక చేతితోను, లెక్కల పుస్తకము రెండవ చేతితోను! 1901 జనాభా లెక్కలలో సంస్థానమునకు 255 చదరపు మైళ్లు, 32,264 మంది ప్రజలు. మదరాసు ప్రభుత్వముతో సంబంధము గల సంస్థానములు తిరువాన్కూరు, కొచ్చి, పుదుక్కోట, సండూరు, బనగానపల్లె అను అయిదు. వానిలో తెలుగుసీమలోనిది ఇదొక్కటే.

లీక్టెన్‌స్టెయినుకు ఒకవైపు స్విట్జర్లాండు, ఒకవైపు ఆస్ట్రియా. ఒకరి యొత్తిడి హెచ్చినచో రెండవవారిని ఆశ్రయింపవచ్చును. అది 1919 వరకు ఆస్ట్రియాతో సుంకపు ఒప్పందమున నుండి, తరువాత స్విట్జర్లాండు వైపు మరలెను. బనగానపల్లెకు నలుదెసల కర్నూలు జిల్లాయే. ఇంగ్లీషువారు పోయిన పిమ్మట దానికి ఆశ్రయింప రెండవవారు లేరు. 1948 ఫిబ్రవరిలో అది మదరాసు రాష్ట్రమున విలీనమై కర్నూలు జిల్లాలో చేరెను. 1953లో ఆంధ్రరాష్ట్రమునకు వచ్చెను. 2022 నుండి నంద్యాల జిల్లాలో నున్నది.

ఈ సంగతులు చెప్పినపుడు ఆ బాలుడు, “మా తాత ఎప్పుడును నవాబుగారి కాలము అనుచుండును. మేము మామిడిపండ్ల మాటయేమో అనుకొంటిమి” అనెను. ఆ పండునకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. రాజ్యము పోయినను దాని పేరు బజారులలో బుట్టలమీద నిలిచియున్నది. వేసవి సెలవులలో తాతగారి నడిగి తెలిసికొన్నది వ్రాసి తెమ్మని అతనికి చెప్పితిమి. నాలుగు పుటలు వ్రాసి తెచ్చెను.